పిస్టల్ కంటే ముందు అమ్మాయి అరచెయ్యి చూడండి

ప్రశ్న: మాది తెనాలి. మా అమ్మాయికి పదహారేళ్లు, ఇంటర్ ఫస్టియర్. వేసవిలో హైదరాబాద్‌లో వాళ్ల పెద్దమ్మ ఇంట్లో ఉండి రెండు నెలలు 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంది. 40 షాట్లకు 330 దాకా వస్తోంది. రోజూ షూటింగ్ రేంజ్‌కి తిప్పడం మా వల్ల కాదు. ఒకాయన తన పాత పిస్టల్ స్టెయిర్ ఎల్‌పీ10 లక్షా పదివేలకు ఇస్తానంటున్నారు. సిలిండర్ మీద 2013 అని ఉంది. అమ్మాయిది ఎడమచేతి వాటం. కొనేయమంటారా? లైసెన్స్ కావాలా? ఇంట్లో ప్రాక్టీస్ ఎలా పెట్టుకోవాలి? డాబా మీద పది మీటర్లకు చోటుంది. హాల్లో అయితే ఏడే. వంటగది తలుపు పక్కన గురి కార్డు పెడదామనుకుంటున్నాం. మా అమ్మ మాత్రం ఇంట్లో తుపాకీ ఏంట్రా అని గొడవ పెడుతోంది.
— ఓ తండ్రి

జవాబు: కొనొద్దని అనను. ఆ ధరకి, అమ్మాయి చేతిలో పెట్టి చూడకుండా మాత్రం కొనకండి.

ముందు ఆ 330 సంగతి చూద్దాం. 40 షాట్లకు 330 అంటే షాటుకి పదికి ఎనిమిదింపావు. రెండు నెలలకి బాగుంది. పోటీ కార్డులో పది పాయింట్ల రింగు వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, ఎనిమిది రింగుది 43.5. కండిషన్‌లో ఉన్న మ్యాచ్ పిస్టల్‌ని బిగించి పది పెల్లెట్లు (చిన్న సీసపు గుళ్లు) కాలిస్తే అవన్నీ దాదాపు ఒకే చిల్లులోంచి పోతాయి. పది రింగులో ఇంకా చోటు మిగులుతుంది కూడా. అంటే మీ అమ్మాయి పోగొట్టుకుంటున్న పాయింట్లు పిస్టల్ వల్ల పోవడం లేదు, చేతి వల్ల, ట్రిగ్గర్ నొక్కే తీరు వల్ల పోతున్నాయి. రెండు లక్షల పిస్టల్ కొన్నా రేపటి స్కోరు 330 చుట్టూనే ఉంటుంది. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వాలిఫికేషన్‌లో మను భాకర్ 600కి 580 కొట్టింది. అక్కడ 60 షాట్లలో పోయేది ఇరవై పాయింట్లే కాబట్టి పిస్టల్‌లో చిన్న తేడా కూడా లెక్కలోకొస్తుంది. మీ అమ్మాయి ఇంకా అక్కడికి రాలేదు, తొందరేం లేదు.

మరి పిస్టల్‌లో చూడాల్సిందేమిటి? బ్రాండ్ గొడవ ముందు పక్కన పెట్టండి. స్టెయిర్, మోరీని, ఫైన్‌వెర్క్‌బావు, వాల్టర్, పార్డిని... ఇవన్నీ ఒలింపిక్స్ స్థాయివే. రేంజ్‌లో వీటి మీద జరిగినంత వాదన సినిమా హీరోల మీద కూడా జరగదు. నా దృష్టిలో తేడా అంతా గ్రిప్‌లో ఉంది. ఆ చెక్క పిడి అరచేతికి అచ్చుగా కూర్చోవాలి. పిస్టల్ బాడీ ఏ చేతివాళ్లకైనా దాదాపు ఒకటే గానీ గ్రిప్ మాత్రం కుడి, ఎడమ వేరు వేరు. అందులోనూ చిన్న, మధ్య, పెద్ద సైజులుంటాయి. అమ్మేది మగవారు, కుడిచేతి వాటం అనుకుంటే, ఆ పిస్టల్‌కి ఉన్న పెద్ద సైజు కుడి గ్రిప్ మీ అమ్మాయికి అక్షరాలా ఎందుకూ పనికిరాదు. కుడి గ్రిప్‌తోనే సర్దుకుపొమ్మని ఆ పిల్లకి చెప్పకండి. ఆరు నెలల్లో తప్పుడు పట్టు అలవాటై, దాన్ని మాన్పించడానికి ఏడాది పడుతుంది.

గ్రిప్ సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఓ పరీక్ష ఉంది. పిస్టల్ ఖాళీగా ఉందని చూసుకుని, పట్టుకుని, కళ్లు మూసుకుని, చెయ్యి చాచి గురి ఎత్తుకి లేపమనండి. ఒక్క ఊపిరి ఆగి కళ్లు తెరవమనండి. గురి చూసే వెనక సైటు గాడిలో ముందు సైటు పుల్ల సరిగ్గా మధ్యలో ఉండాలి, రెండు వైపులా వెలుతురు సమానంగా కనిపించాలి. ప్రతిసారీ పుల్ల ఒకే పక్కకి జరిగిపోతుంటే గ్రిప్ ఆమెది కాదు. కొద్దిపాటి తేడా అయితే రంపపు పొడి కలిపిన ఉడ్ పుట్టీ ఒకచోట పెట్టి, ఇంకోచోట సాండ్‌పేపర్ పట్టి సరిచేసుకోవచ్చు. మంచి షూటర్ల గ్రిప్‌లు చూస్తే అతుకులేసిన పాత పడవల్లా ఉంటాయి, అందులో సిగ్గేం లేదు. కాకపోతే హద్దు ఒకటుంది. గ్రిప్ మణికట్టుకు ఆసరా ఇవ్వకూడదు, అరచేతి కింద ఉండే పలక పైకి వంగి ఉండకూడదు. పోటీ ముందు సామగ్రి తనిఖీలో ఇవి చూస్తారు.

పోటీ నియమాల ప్రకారం ట్రిగ్గర్ పేలకుండా కనీసం 500 గ్రాముల బరువు మొయ్యాలి. పిస్టల్ మొత్తం బరువు కిలోన్నర మించకూడదు. ఎల్‌పీ10 కిలోకి కాస్త తక్కువే ఉంటుంది కాబట్టి ఆ విషయంలో బెంగ లేదు. అయినా పదహారేళ్ల పిల్ల దాన్ని 75 నిమిషాల్లో 60 సార్లకు పైగా ఒంటిచేత్తో లేపి దించాలి. రష్యన్ ఐజెడ్‌హెచ్-46ఎం అనే పాత పిస్టల్ చవగ్గా దొరుకుతుందని ఎవరైనా చెప్పచ్చు. బాగానే కొడుతుంది, కాదనను. కానీ బరువెక్కువ, పైగా ప్రతి షాటుకీ కింది లీవర్ పూర్తిగా లాగి మూయాలి. ఇరవై షాట్లయ్యేసరికి గురి పెట్టాల్సిన చెయ్యి లీవర్‌తోనే అలిసిపోతుంది. చదువుకునే పిల్లకి నేనైతే అది చెప్పను.

కొంతమంది ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఉన్నదే తీసుకోమంటారు. నొక్కు చాలా శుభ్రంగా ఉంటుంది, నిజమే. కానీ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఇదే మను భాకర్ పిస్టల్ పోటీ మధ్యలో మొరాయించి, బోలెడు సమయం పోయి, చివరికి 575తో పన్నెండో స్థానంలో ఆగిపోయింది. అంతటి ఆటగాళ్లకు పక్కనే కోచ్, స్పేర్ పార్టులు ఉంటాయి. తెనాలిలో మీకు ఎవరున్నారు? మెకానికల్ ట్రిగ్గర్ మీకు మేలు. ఆ లెక్కన ఎల్‌పీ10 ఎంపిక మంచిదే. కాల్చినప్పుడు వచ్చే వెనక్కి తన్నుని మింగేసే ఏర్పాటు లోపలే ఉంటుంది, పిస్టల్ చేతిలో కదలదు.

ఇక ఆ 2013. ఇదే మీ ఉత్తరంలో అసలు మాట. ఈ పిస్టళ్ల సిలిండర్‌లో గాలి 200 బార్ ఒత్తిడితో ఉంటుంది. తయారీదారులు సాధారణంగా దానికి పదేళ్ల ఆయుష్షు చెబుతారు. గడువు దాటిన సిలిండర్‌తో పోటీకి వెళ్తే తనిఖీలో పక్కన పెట్టేయొచ్చు. అంతకంటే ముందు, అది మీ అమ్మాయి ముఖానికి జానెడు దూరంలో ఉండే వస్తువు. కాబట్టి కొత్త సిలిండర్ కొనాలి, ఎడమచేతి గ్రిప్ కొనాలి. రెండూ బయటినుంచి రావాల్సినవే. ఆ రెండింటి ధర డీలర్‌ని అడిగి, లక్షా పదివేలలోంచి ఆ మొత్తం తీసేసి, మిగిలింది ఆయనకి చెప్పండి. ఆయన ఒప్పుకోకపోతే ఆ పిస్టల్ మీది కాదు, అంతే. కొత్త పిస్టల్ ఇంచుమించు లక్షన్నర దాటుతుంది. పైగా కొత్తదైతే గ్రిప్ సైజు మీరే చెప్పి తెప్పించుకోవచ్చు. పాతది చవగ్గా లేకపోతే దాన్ని ఎందుకు కొనాలి?

ధర కుదిరితే కూడా రెండు పరీక్షలు చేశాకే డబ్బివ్వండి. గాలి నింపి, మీటరు ముల్లు ఎక్కడుందో ఫోన్‌లో ఫోటో తీసి, ఒక రాత్రి అలా వదిలేయండి. తెల్లారి ముల్లు దిగి ఉంటే సీళ్లు పోయినట్టు. తర్వాత చేతికి ఆసరా పెట్టి పది పెల్లెట్లు కాల్చండి. అంచులు చిరిగిన ఒకే చిల్లు పడాలి. చెల్లాచెదురుగా పడితే ఇంకో రకం పెల్లెట్లతో ఒకసారి చూడండి, అప్పటికీ అంతే అయితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

లైసెన్స్ సంగతి: 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కి లైసెన్స్ అక్కర్లేదు. మ్యాచ్ పిస్టల్ పెల్లెట్ అర గ్రాము కూడా ఉండదు, సెకనుకి 150 మీటర్ల చుట్టూ పోతుంది. లెక్క కడితే ఐదు జౌళ్లు. అలాగని కాగితాలు లేకుండా కొనకండి. అసలు బిల్లు, సీరియల్ నంబర్ రాసి సంతకం పెట్టిన రసీదు, ఆయన ఐడీ కాపీ తీసుకోండి. షూటర్లకిచ్చే సదుపాయం కింద దిగుమతి చేసుకున్నదైతే తిరిగి అమ్మడానికి షరతులుండొచ్చు, అది ఆయన్నే కాగితంతో చూపించమనండి. అన్నీ మీ పేరు మీద ఉండాలి, అమ్మాయి పేరు మీద కాదు. బస్సులో, రైల్లో తీసుకెళ్లేటప్పుడు తాళం వేసిన పెట్టెలో, కాగితాల కాపీలతో. రీల్స్‌లో పిస్టల్ పట్టుకుని ఫోజులు మాత్రం వద్దని అమ్మాయికి గట్టిగా చెప్పండి. చూసేవాళ్లకి అది ఆట పిస్టలో అసలు తుపాకో తెలియదు. పోలీసు స్టేషన్‌లో కూర్చుని జౌళ్ల లెక్క వివరించాల్సి వస్తుంది.

గాలి నింపడం గురించి మీరు అడగలేదు గానీ చెప్పకపోతే తప్పవుతుంది. టైర్ల షాపు కంప్రెసర్ దీనికి చాలదు. ఎవరో ఒకరు సలహా ఇస్తారు, వెల్డింగ్ షాపులోనో నర్సింగ్ హోమ్‌లోనో ఆక్సిజన్ సిలిండర్ ఉంది కదా అని. చచ్చినా ఆ పని చేయకండి. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కి చుక్క నూనె తగిలినా అంటుకుని పేలుతుంది. హై ప్రెషర్ హ్యాండ్ పంపు ఒకటి కొనుక్కోండి. కాసేపు కొట్టి, పంపు చల్లారనిచ్చి, మళ్లీ కొట్టాలి. ఒకసారి నిండితే నూటయాభై షాట్లకు పైనే వస్తాయి కాబట్టి వారానికో రెండు వారాలకో మీకు కొంచెం వ్యాయామం. నిండిన సిలిండర్‌ని ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి.

డాబా మర్చిపోండి. గాలి, ఎండ, పక్కింటి డాబా మీద వడియాలు పెట్టుకునేవాళ్లు, గాలిపటం కోసం పిట్టగోడ ఎక్కే పిల్లలు. గురి తప్పిన పెల్లెట్ వంద మీటర్లు దాటి పోగలదు. కంటికి తగిలితే కన్ను పోతుంది. హాల్లో ఏడు మీటర్లు చాలు, కానీ మీరు రాసినట్టు వంటగది తలుపు పక్కన కార్డు పెట్టడం వద్దు. తిప్పేయండి. అమ్మాయి వంటగదికి వీపు పెట్టి నిలబడాలి, కార్డు ఎదురుగా తలుపూ కిటికీ లేని ఇటుక గోడకి. మధ్యలో పక్క గదుల తలుపులుంటే ఆ వైపు నుంచి గడియ పడాలి. వీధి తలుపు కూడా అంతే. కాలుస్తున్నంతసేపూ గడియ తీయడానికి లేదు, కాలింగ్ బెల్ మోగినా సరే.

పెల్లెట్‌ని ఆపడానికి బజార్లో ఇనుప గరాటు లాంటి ట్రాప్‌లు దొరుకుతాయి. లేదంటే వడ్రంగితో అడుగున్నర చదరం, జానెడు లోతు చెక్కపెట్టె చేయించి, వెనక మూడు మిల్లీమీటర్ల ఇనుప రేకు వేయించి, ముందంతా పాత చీరలు, దుప్పట్లు కాలితో తొక్కి గట్టిగా కుక్కండి. వట్టి రేకు నిటారుగా పెడితే పెల్లెట్ ముక్క తిరిగి ముఖం మీదకే వస్తుంది, అందుకే గుడ్డ. పెట్టె చుట్టూ గోడకి ఓ ప్లైవుడ్ షీటు, దాని మీద వేలాడే దుప్పటి ఉంటే తప్పిపోయిన షాటుకి అడ్డం. గదిలో ఉన్న ప్రతివాళ్లకీ కళ్లద్దాలు, చూడ్డానికి వచ్చిన మేనమామకి కూడా. మధ్యమధ్యలో పెట్టె విప్పి గుడ్డలు మార్చండి. పెల్లెట్లు సీసం. ఆ పొడిని చీపురుతో ఊడవొద్దు, గాల్లోకి లేస్తుంది. తడిగుడ్డతో తుడిచి గుడ్డ పారేయండి. కాల్చాక సబ్బుతో చేతులు కడగకుండా అన్నం ముట్టుకోకూడదు. మధ్యలో జంతికలు తినడం అసలే కూడదు.

పెల్లెట్లు ముందు చదునుగా ఉండే మ్యాచ్ రకమే కొనండి, కాగితాన్ని గుండ్రంగా కోస్తాయి. మొన ఉన్నవి పిట్టల వేటగాళ్లకి, మనకి కాదు.

ఏడు మీటర్లకి కార్డు ఎలా అంటారా? అసలు కార్డు 17 సెంటీమీటర్ల చదరం, నల్లటి భాగం 59.5 మిల్లీమీటర్లు. జెరాక్స్ షాపుకి వెళ్లి 70 శాతానికి తగ్గించమనండి. నలుపు 42 మిల్లీమీటర్ల దగ్గరికొస్తుంది. ఏడు మీటర్ల నుంచి చూస్తే, పది మీటర్ల నుంచి అసలు కార్డు కనిపించినట్టే కనిపిస్తుంది. మామూలు జెరాక్స్ కాగితం చిరిగిపోతుంది, మందపాటి షీటు మీద తీయమనండి. ఎత్తు కూడా లెక్కగా పెట్టాలి. పోటీల్లో కార్డు మధ్యభాగం నేల నుంచి 1.40 మీటర్లు ఉంటుంది. మీ అమ్మాయి కళ్లు మీటరున్నర ఎత్తులో ఉన్నాయనుకుంటే, పది మీటర్లకి చూపు పది సెంటీమీటర్లు దిగుతుంది. ఏడు మీటర్లకి ఏడు దిగాలి, అంటే కార్డు 1.43 దగ్గర పెట్టాలి. ఆ మూడు సెంటీమీటర్లు ఎందుకంటారేమో. చెయ్యి ఎక్కడ ఆగాలో భుజం గుర్తుపెట్టుకుంటుంది, ఇంట్లో ఒక ఎత్తు, రేంజ్‌లో ఇంకో ఎత్తు అయితే దానికి తికమక. కార్డు మీద వెలుతురు బాగా పడాలి. పోటీ రేంజ్‌లో కనీసం 1500 లక్స్ ఉండాలంటారు. నీడ పడకుండా ఓ మంచి ఎల్‌ఈడీ ఫోకస్ లైటు పైనుంచి వేసి, దాని కాంతి అమ్మాయి కంట్లో కొట్టకుండా చూడండి.

ఈ చిన్న కార్డు మీద వచ్చే స్కోర్లు మాత్రం నమ్మకండి. కార్డు తగ్గింది గానీ పెల్లెట్ తగ్గలేదు. గీతని తాకితే పై రింగు పాయింట్లే ఇస్తారు కాబట్టి ఇంట్లో స్కోరు నాలుగు పాయింట్లు పొంగి కనిపిస్తుంది. రేంజ్‌కి వెళ్లిన రోజు సైట్లు కూడా మళ్లీ సరిచేసుకోవాల్సి రావొచ్చు. ఇంట్లో చూడాల్సింది గుంపు. అన్నీ ఒక్కచోట పడుతున్నాయా లేదా అన్నదే. ఎడమచేతివాళ్లకి గుంపు కిందికి, కుడికి జారుతుంటే ట్రిగ్గర్‌ని గబుక్కున లాగేస్తున్నట్టు. సైటు తిప్పేసి సరిపెట్టుకుంటే జబ్బు లోపలే ఉండిపోతుంది.

నిజానికి ఇంటి ప్రాక్టీస్‌లో మూడొంతులు పెల్లెట్ లేకుండానే జరగాలి. చాలా మ్యాచ్ పిస్టళ్లలో గాలి ఖర్చవకుండా ట్రిగ్గర్ మాత్రమే పనిచేసే డ్రై ఫైర్ ఏర్పాటుంటుంది. కార్డు తీసేసి ఖాళీ తెల్లగోడ ముందు నిలబెట్టండి. నల్లటి చుక్క లేకపోతే కంటికి ఇంకేం పని ఉండదు, ముందు సైటునే చూస్తుంది. చెయ్యి లేపాలి, దించుతూ ఆగాలి, ముందు సైటు పదునుగా కనిపిస్తుండగా ట్రిగ్గర్ మీద బరువు పెంచుతూ పోవాలి. టక్ మన్న క్షణంలో ఆ పుల్ల కదిలిందా? కదిలితే ఎటు? అంతే పాఠం. ఎనిమిది సెకన్లు దాటినా షాటు పోకపోతే పిస్టల్ దించేసి మళ్లీ మొదలెట్టాలి. పిల్లలకి అన్నిటికంటే కష్టం ఇదే. లేపాం కదా అని కాల్చేస్తారు, ఆ షాటే ఏడో ఆరో అవుతుంది. రోజుకి ఇరవై నిమిషాలు చాలు, భుజం నొప్పి అంటే ఆ రోజు సెలవు. పెల్లెట్లతో వారానికి మూడు రోజులు, రోజుకి నలభైకి మించకుండా. ప్రతి షాటుకీ కార్డు చూడకముందే ఎటు పోయిందో నోటితో చెప్పమనండి. చెప్పిందీ పడిందీ కలుస్తున్న కొద్దీ స్కోరు దానంతటదే లేస్తుంది. ఒక కన్ను గట్టిగా మూసుకుని గురి పెడుతుంటే మాన్పించండి, ముఖం బిగుసుకుంటుంది. రెండు కళ్లూ తెరిచి, గురి పెట్టని కంటికి ముందు ఓ చిన్న పలక అడ్డం పెట్టుకోవచ్చు. వెడల్పు మూడు సెంటీమీటర్లు మించకపోతే పోటీలో కూడా ఒప్పుకుంటారు.

అమ్మగారి విషయం. ఆవిడ గొడవలో న్యాయం ఉంది, కొట్టిపారేయకండి. పిస్టల్ తాళం వేసిన పెట్టెలో, తాళంచెవి మీ దగ్గర. పెల్లెట్లు వేరే బీరువాలో. బయటికి తీసిన ప్రతిసారీ బ్యారెల్‌లోంచి కొట్టొచ్చినట్టు కనిపించే నారింజ లాంటి రంగు ప్లాస్టిక్ తీగ కనిపిస్తూ ఉండాలి, అది ఉంటే లోపల పెల్లెట్ లేనట్టే. పోటీల్లో కూడా ఇదే పద్ధతి. ఆ తీగ సంగతి అమ్మగారికి చెప్పి, అది లేకుండా పిస్టల్ కనిపిస్తే ఆట ఆపించే హక్కు ఆవిడకే ఇచ్చేయండి. ఖాళీగా ఉన్నా సరే మనిషి వైపు తిప్పితే వారం రోజులు పెట్టె తెరవడానికి లేదు, ఈ శిక్ష మీకూ వర్తిస్తుంది. టైమ్ కూడా ఆవిడనే పెట్టమనండి. ఆవిడ టీవీ సీరియల్ వేళలో పెట్టరు, అది గ్యారంటీ.

ఈలోగా, పిస్టల్ కొన్నా కొనకపోయినా, రాష్ట్ర రైఫిల్ అసోసియేషన్‌లో సభ్యత్వం ఎలాగో కనుక్కోండి. రాష్ట్ర పోటీకి ఆ దారినే వెళ్లాలి. పండగ సెలవుల్లో పెద్దమ్మ ఇంటికి పంపినప్పుడు క్లబ్ పిస్టళ్లలో ఎడమచేతి గ్రిప్ ఉన్నది ఏదైనా అడిగి, 60 షాట్లు పూర్తి మ్యాచ్ టైమ్ పెట్టి కాల్పించండి. ఆ గ్రిప్ సైజేమిటో రాసుకుని రమ్మనండి. అమ్మే ఆయనతో బేరానికి కూర్చునేటప్పుడు మీకు ముందు కావాల్సింది ఆ కాగితమే.